స్లీవ్ ఆపరేషన్ అయ్యాక సర్వపిండి ముందు ఏడుపొచ్చింది

హన్మకొండ కోడలు:
బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ అయి నాలుగు నెలలు. 118 కిలోల నుంచి 94కి వచ్చాను. సంతోషమే. కానీ మొన్న ఆదివారం అత్తమ్మ సర్వపిండి చేసింది. గంజుకు అంటుకున్న అంచు ఎర్రగా కాలి, ఇల్లంతా నువ్వుల వాసన. రెండు ముక్కలు గబగబా తిన్నాను. ఛాతీలో పట్టేసింది, నోరంతా నురగ, బాత్‌రూమ్‌కి పరుగు. తిరిగొస్తే "నా చేతి వంట నచ్చలేదా బిడ్డా" అంది. కంచం ముందే ఏడ్చేశాను. ఆకలి లేదు, తినాలని మాత్రం ఉంది. ఇట్లా ఎవరికైనా అయిందా? సంక్రాంతి సకినాలు తలచుకుంటే ఇప్పటి నుంచే టెన్షన్.

కాజీపేట తమ్ముడు:
అయింది అక్కా. ఆ నురగ నాకూ తెలుసు. పొట్టలో దాదాపు ముప్పావు వంతు తీసేస్తారు కదా, గబగబా తింటే ఎక్కడ పడుతుంది? ముందు గుడ్డు, పప్పు, పెరుగు. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలి. తింటూ నీళ్లు తాగకండి, అరగంట ఆగండి. నేను పెద్ద కంచం అటకెక్కించి, మా పాప ఉగ్గు గిన్నెలో టీ చెంచాతో తింటున్నాను. మొదట్లో అందరూ నవ్వారు.

కరీంనగర్ టీచర్:
జుట్టు ఊడుతోందా? మూడో నెల తర్వాత చాలామందికి ఊడుతుంది, మళ్లీ వస్తుంది. బి12, ఐరన్ మాత్రలు మానొద్దు. వాంతులు తరచూ అయితే మాత్రం సర్జన్‌ను కలవండి.

హన్మకొండ కోడలు:
అత్తమ్మకు అన్నీ చెప్పాను. ఇవాళ చిన్న గిన్నెలో మెత్తటి పెసరపప్పు పెట్టింది. సగం తినేసరికి ఇంకో గరిటె పట్టుకొచ్చింది!