నవ్వుతూ "ఆంటీ స్టైల్" అన్నారు. మీకూ ఇలాంటి పేర్లు పడ్డాయా?

లూజుచొక్కా:
నాకు 34. ఆఫీసుకి వదులు చొక్కా, నల్లదో నీలందో ప్యాంటు, మడమ ఎత్తు లేని చెప్పులు, ఏడెనిమిదేళ్లుగా ఇదే నా యూనిఫాం. పొద్దున్నే ఏం వేసుకోవాలా అని బుర్ర పాడుచేసుకోకుండా బీరువాలో చెయ్యి పెట్టి ఏది తగిలితే అది వేసుకుపోవడం నాకు హాయి. పోయిన వారం అందరం ఫోటో దిగుతుంటే పక్క సీటు అమ్మాయి "అక్కా, నీది పక్కా ఆంటీ స్టైల్, ఇకనైనా మార్చవా" అంది నవ్వుతూ. నాకంటే నాలుగేళ్లు చిన్నది, మంచి పిల్లే. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు.

విచిత్రం ఏంటంటే "ఈ చొక్కా నీకు బాలేదు" అని ఉంటే నాకేం అనిపించేది కాదు, ఆ చొక్కా పక్కన పడేసేదాన్ని, అంతే. ఇది చొక్కాతో పోయే మాట కాదు, మనిషికే చీటీ అంటించినట్టుంది. మీకెవరికైనా ఇలా పేర్లు పడ్డాయా? మార్చుకున్నారా, తిరిగి ఏమైనా అన్నారా? "వదిలెయ్, పట్టించుకోకు" అని మాత్రం చెప్పకండి. అది నాకూ తెలుసు, తెలిసీ కుదరట్లేదు కాబట్టే అడుగుతున్నా.

మగరాయుడు_నేనే:
పేరు చూస్తేనే అర్థమైపోయుంటుంది. నాకు పదేళ్లప్పుడు పడింది ఈ బిరుదు, ప్యాంటూ షర్టూ వేసుకుని జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటానని. చిన్నప్పుడు గర్వంగా ఉండేది, పదహారు పదిహేడు వచ్చేసరికి అదే మాట చెవిలో పడితే ఏడుపొచ్చేది, ఇప్పుడు మళ్లీ నేనే పెట్టుకున్నా. మాట మారలేదు, అనేవాళ్ల గొంతు మారింది. మా నాన్న "మా మగరాయుడు" అంటే ముద్దు, చూడ్డానికొచ్చిన వాళ్లు అంటే తూకం. ఇంకో సంగతి, ఇంగ్లీషు టామ్‌బాయ్ అనే మాట 16వ శతాబ్దంలో మొదట అల్లరిచిల్లరగా తిరిగే మగపిల్లాణ్ణి అనడానికి పుట్టిందట, ఆడవాళ్ల మీదకి తర్వాత వచ్చింది. వాళ్ల దగ్గర మిగిలిన తిట్టు కూడా మనకే ఇచ్చారన్నమాట.

సూటిగా:
లూజుచొక్కా గారూ, ఒక్క మాట అడుగుతా, ఏమీ అనుకోకండి. మీరు సన్నగా ఉంటారా, కాస్త ఒళ్లు ఉంటుందా? ఎందుకంటే నా అనుభవంలో ఈ పేర్లు బట్టకి పెట్టేవి కావు, ఆ బట్ట లోపలున్న ఒంటికి పెట్టేవి. నేనూ మా చెల్లీ ఒకే వదులు చొక్కా మార్చి మార్చి వేసుకుంటాం. దానిది "ఓవర్‌సైజ్డ్ లుక్", నాది "గోనెసంచి". అదే చొక్కా, అదే గుండీలు! వయసు దగ్గరా అంతే, ఇరవైలో వేసుకుంటే "పాతకాలం ఫ్యాషన్ మళ్లీ తెచ్చింది", నలభైలో అదే వేసుకుంటే "పాతకాలం మనిషి".

మామ్ జీన్స్ సంగతే చూడండి. నడుం పైదాకా ఉండే వదులు జీన్స్ మీద 2003లో ఒక అమెరికా టీవీ కామెడీ షో వాళ్లు ఎగతాళి ప్రకటన చేశారు, అమ్మలు వేసుకునేవి, అందం మీద ఆశ వదిలేసినవాళ్లు వేసుకునేవి అన్నట్టు. పదేళ్లు తిరిగేసరికి కాలేజీ పిల్లలు అవే వెతుక్కుని కొనుక్కున్నారు, కంపెనీలు ఆ వెక్కిరింత పేరునే చీటీ మీద అచ్చేసి అమ్మాయి. అంటే మీ స్టైల్‌కి పేరు పెట్టినవాళ్లే రేపు అదే కొంటారు, అప్పుడు కూడా మిమ్మల్ని మాత్రం ఆంటీ అనే అంటారు.

లూజుచొక్కా:
ఒళ్లు ఉంటుంది. మీరు అడిగే తీరు చూసి కోపం రావాలి, రాలేదు ఎందుకో.

పాతపేజీలు:
పేరు పెట్టి నోరు మూయించడం కొత్తేం కాదు. 1851 ప్రాంతంలో అమెరికాలో కొందరు ఆడవాళ్లు నేలని ఊడ్చే బరువు గౌన్లు మానేసి, మోకాళ్ల కిందికి వచ్చే గౌను, దాని కింద చీలమండల దాకా వదులు ప్యాంటు వేసుకోవడం మొదలుపెట్టారు. ముందు వేసుకున్నావిడ ఎలిజబెత్ స్మిత్ మిల్లర్. కానీ పేరు మాత్రం అమీలియా బ్లూమర్‌ది నిలబడిపోయింది, ఎందుకంటే ఆవిడ తను నడిపే పత్రికలో దాని గురించి రాసింది. అంతే, కార్టూన్లు, పాటలు, వీధుల్లో వెంటపడి ఎగతాళి. ఓటు హక్కు గురించి మాట్లాడ్డానికి వేదిక ఎక్కితే జనం మాట వినడం మానేసి కాళ్ల వంక చూసేవాళ్లు. చివరికి వాళ్లలో చాలామంది విసిగిపోయి మళ్లీ పొడుగు గౌన్లకే వెళ్లారు, బట్టలు నచ్చక కాదు, చెప్పాల్సిన మాట చెప్పనివ్వట్లేదని. నాకు ఇందులో వాళ్లు ఓడిపోయినట్టు అనిపించదు గానీ, అంత తెలివైనవాళ్లకే తట్టుకోవడం కష్టమైందంటే మీరు అద్దం ముందు అంతసేపు నిలబడ్డం ఏమంత పెద్ద విషయం?

నిజం_చేదు:
అందరూ ఓదారుస్తున్నారు కాబట్టి నేను కాస్త అడ్డం మాట్లాడతా. నన్ను "అమ్మమ్మ డ్రెస్" అని ఏడిపించేవాళ్లు, నేనూ మీలాగే బాధపడేదాన్ని, నా ఇష్టం నాది అనేదాన్ని. కానీ ఒకరోజు కూర్చుని ఆలోచిస్తే, నిజంగా అది నా ఇష్టమేనా? కాన్పు తర్వాత ఒళ్లు మారింది, పాతవి పట్టలేదు, కొత్తవి కొనాలంటే కొలత రాసిచ్చే ఆ నంబర్ చూడలేక చేతికి దొరికిన పెద్ద సైజులు వేసుకుంటూ రెండేళ్లు గడిపేశా. అది హాయి కాదు, దాక్కోవడం. అన్నవాళ్లది తప్పే, అన్న తీరు ఇంకా తప్పు, అయినా ఆ మాట గుచ్చుకున్నది నాకు ముందే నొప్పి ఉన్న చోట. మీ విషయం వేరే కావచ్చు. ఒకసారి చూసుకోండి అంతే.

సూటిగా:
నిజం_చేదు గారూ, మీ మాటలో నిజం ఉంది గానీ, మగవాళ్లు ఇరవై ఏళ్లుగా అవే నాలుగు చొక్కాలు వేసుకుంటే "దాక్కుంటున్నాడేమో" అని ఎవరూ అనరు కదా.

మెరుపుగౌను:
నాది మీకు పూర్తిగా రివర్స్. 46 నాకు. మెరిసే బట్టలు, ఎర్ర లిప్‌స్టిక్, చేతుల్లేని గౌన్లు ఇష్టం. నాకు పడే పేర్లు "ఓవర్", "షో", "వయసుకి తగ్గట్టు లేదు". మీరు తక్కువైతే నేను ఎక్కువ, ఆ సరిగ్గా ఉండే గీత ఎక్కడుందో ఇంతవరకూ ఒక్కరూ చూపించలేదు నాకు. ఎదురుగా చెప్పేవాళ్లకి నేను ఇచ్చే జవాబు ఒకటే, చాలా మామూలుగా "అంటే ఏంటి?" అని అడుగుతా. వెటకారంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. జోకుని విడమర్చి చెప్పమంటే తొంభై శాతం మంది నీళ్లు నములుతారు.

ఒక_అబ్బాయి:
మధ్యలో దూరుతున్నా, క్షమించండి. 2000లో అచ్చైన ఒక ప్రయోగం గురించి చదివా. అమెరికాలో విద్యార్థుల్ని సిగ్గుపడేలాంటి టీషర్టు ఒకటి వేయించి గదిలోకి పంపారు, ఎంతమంది గమనించి ఉంటారు అని అడిగితే దాదాపు సగం మంది అన్నారు, నిజంగా గమనించింది నాలుగోవంతు మందే. మన బట్టలు మనం అనుకున్నంతగా ఎవరూ చూడరు.

మెరుపుగౌను:
తమ్ముడూ, మంచి మాటే. కానీ ఈవిడకి ఎవరో చూస్తున్నారేమో అని అనుమానం కాదు, చూసి నోరు తెరిచి చెప్పారు.

ఒక_అబ్బాయి:
అవును, ఆ లెక్క నేను వేయలేదు.

లూజుచొక్కా:
ఇవాళ అడిగేశా. క్యాంటీన్‌లో ఇద్దరమే ఉన్నప్పుడు, మెరుపుగౌను గారు చెప్పినట్టే, మామూలుగా. "ఆంటీ స్టైల్ అంటే ఏంటి?" అని. ఆ అమ్మాయి కాసేపు ప్లేట్ వంక చూసి "ఏమో అక్కా, అందరూ అంటుంటే నేనూ అన్నా" అంది. అంటే అది తను ఆ పూట పెట్టిన పేరు కాదన్నమాట, నా వెనకాల ఎన్నాళ్లుగానో నడుస్తోంది, తను ఒక్కతే మొహం మీద అంది. ముందు గుండె గుభేలుమంది. తర్వాత ఎందుకో తన మీద ఉన్న కోపం పోయింది, మిగతావాళ్ల మీదకి మారింది. తను సారీ చెప్పింది, నేను పర్లేదనలేదు, "సరే" అన్నా.

నిజం_చేదు గారూ, మీరు చెప్పాక బీరువా మొత్తం మంచం మీద పోసి చూశా. నేను దాక్కోవట్లేదు, నాకు నిజంగానే వదులుగా ఉంటేనే ఊపిరి ఆడుతుంది. కాకపోతే రెండు చొక్కాలకి కాలర్ అంచు పీచులు పీచులుగా ఉంది, అవి తీసేశా. మిగతావన్నీ మళ్లీ మడతపెట్టి లోపల పెట్టేశా.

సూటిగా:
పీచులు లేచిన కాలర్‌తో ఆఫీసుకి వెళ్లారా? అది ఆంటీ స్టైల్ కాదండీ, బద్ధకం. మీది చెప్తున్నా కాబట్టి నాది కూడా ఒప్పుకుంటా, నా గోనెసంచికి రెండు గుండీలు లేవు.