కొరమీను మేతలో చేపపొడికి బదులు సోయాచెక్క ఎంతవరకు వేయవచ్చు?

ప్రశ్న: సభ్యులందరికీ నమస్కారం. కైకలూరు దగ్గర ఆరెకరాల చెరువులో శీలావతి, బొచ్చె పెంచుతున్నాను. ఈ ఏడాది రెండు సిమెంటు తొట్లలో కొరమీను కూడా వేశాను. మేత నేనే కలిపి గుళికలు కట్టిస్తాను. చెరువు మేతలో క్వింటాలుకు 10 కిలోలు, కొరమీను మేతలో 40 కిలోలు చేపపొడి పడుతోంది. ధర భరించలేక రెండింటిలోనూ పూర్తిగా సోయాచెక్కకు మారాలనుకుంటున్నాను. ఇబ్బంది ఉంటుందా?

జవాబు: నమస్కారమండీ. రెండు చేపలకూ ఒకే జవాబు చెప్పలేము. శీలావతి, బొచ్చెలకు చేపపొడి అక్కరలేదు. మన కొల్లేరు ప్రాంతంలో నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క, పత్తి చెక్క కలిపి, రంధ్రాలు చేసిన సంచుల్లో నింపి కర్రలకు కట్టి ఏళ్ళ తరబడి వాటిని పెంచుతూనే ఉన్నారు. ఆ 10 కిలోలు మానేయండి. అయితే ఈ చేపలకు జీర్ణాశయం లేదు, గింజల్లోని భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉండి వాటికి అందదు కాబట్టి, మేతలో భాస్వరాన్నిచ్చే మోనోకాల్షియం ఫాస్ఫేట్ కలపడం మరువకండి.

కొరమీను మాంసాహారి కనుక అక్కడ తొందరపడవద్దు. మొదట 40 కిలోలలో 10 మాత్రమే తగ్గించండి. 60 శాతం మాంసకృత్తులున్న 10 కిలోల చేపపొడి తీస్తే పోయేది 6 కిలోల మాంసకృత్తులు. 45 శాతం ఉండే సోయాచెక్కతో అది పూడాలంటే 13 కిలోలకు పైగా వేయాలి, ఆ మేరకు తవుడు తగ్గించుకోవాలి. లెక్క అక్కడితో సరిపోయినట్లు కనిపించినా, మాంసకృత్తుల్లో భాగమైన మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం మాత్రం పోయినదానిలో సుమారు సగమే తిరిగి వస్తుంది, అందువల్ల దానిని విడిగా కలపాలి. మాంసాహారి చేపలకు అవసరమై, మొక్కల్లో దాదాపు దొరకని టౌరిన్‌నూ, చేపపొడితో పాటు తగ్గే కొవ్వుకు బదులు కొంత చేపనూనెనూ చేర్చండి.

రుచి సంగతి కళ్ళతో చూసి తేల్చుకోవలసిందే. కొత్త గుళికలు వేసిన రోజు తొట్టి పక్కనే నిలబడండి. కొరమీను గుళికను నోట పట్టి, వెంటనే ఉమ్మేసి, మళ్ళీ దాని జోలికి రాకపోతే మార్పు ఎక్కువైందని అర్థం. పాత మేతలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజులు అలవాటు చేయండి.

ప్రశ్న: ధన్యవాదాలండీ. సోయాచెక్క మంచిదో కాదో కొనేటప్పుడే తెలుసుకునే మార్గం ఉందా? ఒకసారి తెచ్చిన సరుకుతో చేప ఎదుగుదల ఆగిపోయింది.

జవాబు: అది సరిగా వేగని చెక్క అయి ఉండవచ్చు. పచ్చి సోయాలో మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డుకునే ట్రిప్సిన్ నిరోధకాలు ఉంటాయి, అవి వేడికే నశిస్తాయి. యూరియా, ఫినాల్ రెడ్ అనే రంగు సూచిక కలిపిన ద్రావణం పసుపు రంగులో ఉండగా దానిలో చెక్కపొడిని తడిపి అయిదు నిమిషాలు ఉంచండి. అక్కడక్కడ ఎర్రచుక్కలు తేలితే ఫరవాలేదు, పొడి అంతా ఎర్రబడితే మాత్రం చెక్క సరిగా వేగలేదని అర్థం, ఆ సరుకు వద్దు. అసలు ఎరుపే రాకుండా చెక్క ముదురు గోధుమరంగులో మాడినట్లుంటే లైసిన్ అనే అమైనో ఆమ్లం దెబ్బతిన్నదని అనుమానించి, అదీ వదిలేయండి.

మరొక సభ్యుడు: ధర తక్కువని సోయాకు బదులు వేరుశనగ చెక్క వేద్దామనుకునేవారికి ఒక మాట. వానాకాలంలో తడి తగిలిన చెక్కలో బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. నిరుడు మా షెడ్డులో గోడకు ఆనించిన బస్తాలు పైకి బాగానే కనిపించినా, విప్పితే అడుగున చెక్క గడ్డకట్టి ముక్కవాసన వచ్చింది. ఆ బస్తాలన్నీ పారబోశాను. ఎండబెట్టినా, ఉడికించినా ఆ విషం పోదు. బస్తాలను చెక్కబల్లలపై, గోడకు జానెడు ఎడంగా పేర్చండి. పత్తి చెక్కలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది కనుక దానిని కొరమీనుకు అసలు వేయకపోవడమే మేలు.