ఎగ్జిమా ముదిరితే వాడే మాత్రలు: ముందు ఏ టెస్టులు, ఏ మందులతో కలపకూడదు?

బ్రాడీపేట_2:
ఒళ్ళంతా పాకి, పూతమందులకి లొంగని ఎగ్జిమాకి (చర్మం ఎర్రబడి దురదపెట్టే జబ్బు) రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్, మెథోట్రెక్సేట్, జాక్ మాత్రలు (ఉపాడాసిటినిబ్, అబ్రోసిటినిబ్ లాంటివి) రాస్తున్నారు. ఏది ఎంత సురక్షితం?

సూర్యారావుపేట_ఫార్మా:
ముందు అది ఎగ్జిమానే అని తేలాలండి. మనవైపు దురదపెట్టే ప్రతి మచ్చా ‘తామరే’. నిజంగా తామరైతే అది ఫంగస్, ఈ మాత్రలతో ఇంకా పాకుతుంది. అంచు గుండ్రంగా లేచి మధ్యలో మానినట్టుంటే పొలుసు గీకి కేఓహెచ్ టెస్టు (ఫంగస్ ఉందేమో మైక్రోస్కోపులో చూసేది) చేయించండి. నడివయసులో కొత్తగా మొదలైతే బయాప్సీ అడగండి.

సైక్లోస్పోరిన్ మోతాదు రోజుకి కిలోకి 3 నుంచి 5 మి.గ్రా., రెండు పూటలుగా. మొదట్లో రెండు వారాలకోసారి బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. మొదట 0.8 ఉన్న క్రియాటినిన్ 1.05 అయితే ల్యాబ్ కాగితం మీద నార్మలే. కానీ ఆ మనిషికి అది 31 శాతం పెరుగుదల. 25 శాతం దాటితే డాక్టరు మోతాదు తగ్గించాల్సిందే. అందుకే మొదటి రిపోర్టు పారేయకండి, ప్రతిసారీ వెంట తీసుకెళ్ళండి.

బెజవాడ_ఎండ:
పై మాటకి ఒకటి కలుపుతా. మే నెలలో మన ఎండకి ఒంట్లో నీరు తగ్గితే క్రియాటినిన్ ఇంకా ఎక్కుతుంది. దానికితోడు ఒళ్ళునొప్పులకి డైక్లోఫెనాక్ వేసుకుంటే కిడ్నీకి రెండు దెబ్బలు. సైక్లోస్పోరిన్ పొటాషియం పెంచుతుంది కాబట్టి రోజూ కొబ్బరిబొండాలు తాగడం కూడా మంచిది కాదు. మంచినీళ్ళు తాగండి.

బ్రాడీపేట_2:
మెథోట్రెక్సేట్ చవక కదా, అది మేలా?

సూర్యారావుపేట_ఫార్మా:
మంచి మందేనండి, వారానికి ఒక్కరోజే వేసుకుంటే. పొరపాటున రోజూ వేసుకుంటే నోరు పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. స్ట్రిప్ మీద ‘ఆదివారం మాత్రమే’ అని పెన్నుతో రాసిపెట్టండి. తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర వేరే రోజు వేసుకోవాలి. కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్‌తో కలపకూడదు. మద్యం అలవాటున్నా, కడుపుతో ఉన్నా, పిల్లల కోసం చూస్తున్నా ఇది వద్దు.

గుంటూరు_చర్మం:
జాక్ మాత్రల మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021 సెప్టెంబరులో గుండెజబ్బు, క్యాన్సర్, రక్తం గడ్డల హెచ్చరిక పెంచింది. దానికి మూలం 50 దాటి, గుండెజబ్బు ముప్పు ఉన్న కీళ్ళవాత రోగుల మీద టోఫాసిటినిబ్ అనే జాక్ మాత్ర‌తో జరిగిన పరీక్ష. పాతికేళ్ళ వయసున్న ఎగ్జిమా మనిషికి ముప్పు అంత ఉండదు. కానీ 65 దాటినవాళ్ళు, సిగరెట్ తాగేవాళ్ళు, కాలిలో రక్తం గడ్డ కట్టినవాళ్ళు వేరే దారి చూసుకోవాలి.

మన దేశంలో జాక్ మాత్రలు మొదలుపెట్టేముందు టీబీ పరీక్ష తప్పించుకోకూడదు. ఛాతీ ఎక్స్‌రేతో పాటు మాంటూ (చర్మం మీద చేసే టీబీ పరీక్ష) గానీ ఐజీఆర్ఏ (రక్తంతో చేసే టీబీ పరీక్ష) గానీ, హెపటైటిస్ బి, సి, సీబీసీ (రక్తకణాల లెక్క), లివర్, కొలెస్ట్రాల్ పరీక్షలూ కావాలి. హిమోగ్లోబిన్ 8 లోపుంటే మొదలుపెట్టరు. ఫంగస్‌కి విరివిగా రాసే ఇట్రాకొనజోల్ ఉపాడాసిటినిబ్ స్థాయిని, ఫ్లూకొనజోల్ అబ్రోసిటినిబ్ స్థాయిని పెంచుతాయి. వేరే డాక్టరు దగ్గరికెళ్ళినా మాత్ర పేరు చెప్పండి.

జ్వరంతోపాటు ఒకే సైజు పొక్కులు గుంపుగా లేచి, మధ్యలో గుంట పడితే అది ఎగ్జిమా మీద సోకిన హెర్పిస్ అనే వైరస్. తెల్లారేదాకా ఆగకండి, అప్పుడే ఆసుపత్రికి వెళ్ళండి.