ప్రాంతీయ సీనరీ యాడ్-ఆన్‌లు: ముందు నేల ఫొటోనా, నేల ఆకారమా?

రన్‌వే27:
ఫ్లైట్ సిమ్‌లో (కంప్యూటర్‌లో విమానం నడిపే సిమ్యులేటర్‌లో) కొత్తగా అడుగుపెట్టిన వాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. "నేను ఎగిరే ప్రాంతం అచ్చం నిజంలా కనిపించాలంటే ముందు ఏ సీనరీ యాడ్-ఆన్ (నేల, ఇళ్లు, చెట్లు మార్చే అదనపు ప్యాకేజీ) వేసుకోవాలి?" దాదాపు ప్రతిసారీ వచ్చే జవాబు "ఆర్థో వేసుకో". ఉపగ్రహాల నుంచో, విమానాల నుంచో తీసిన ఫొటోలను నేలమీద పరిచేదే ఆర్థో. నాకు ఈ సలహా నచ్చదు. తక్కువ ఎత్తులో, కిటికీలోంచి చూస్తూ దారి పట్టుకుని ఎగిరేవాళ్లకి ముందు కావాల్సింది మెష్, అంటే కొండలు, లోయల ఎత్తుపల్లాలు. తర్వాత రోడ్లు, రైలు పట్టాలు, నదులు, హైటెన్షన్ తీగలు ఉండాల్సిన చోట ఉండాలి. ఆ తర్వాత ఆ ప్రాంతపు తీరు ఇళ్లు, చెట్లు. ఫొటో అన్నిటికంటే చివర. మీరేమంటారు?

ఆర్థోపిచ్చి:
ఒప్పుకోను బ్రో. ఎక్స్-ప్లేన్ సిమ్‌లో ఆర్థో4ఎక్స్‌పీ అనే టూల్‌తో టైల్స్ (నేల ముక్కలు) చేసుకున్నాక సిమ్‌తో వచ్చే డిఫాల్ట్ నేల చూడబుద్ధి కాదు. నువ్వు చెప్పే రోడ్లు, నదులు ఎవరో ఒకరు గీస్తేనే ఉంటాయి. ఫొటోలో ఎవరూ గీయనివి కూడా ఉంటాయి: క్వారీ గుంట, ఎండిన చెరువు గట్టు, పొలాల మధ్య బండిదారి, నది వంపులో ఇసుక మేట. ఒక నిజమైన ప్రదేశాన్ని పోల్చుకునేది వీటితోనే. డిఫాల్ట్‌లో నది ఉంటుంది, నిజమే. కానీ ఏ నదైనా ఒకేలా నీలంగా ఉంటుంది.

సాయంత్రం_సెస్నా:
ఇది ఇంకా చర్చేనా? మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 ఆగస్టులో వచ్చినప్పటి నుంచి బింగ్ మ్యాప్స్ ఫొటోలతో ప్రపంచమంతా నెట్‌లోంచే వస్తోంది. వెనకాల ఉన్న డేటా రెండు పెటాబైట్లకు పైమాటే. 2024 వెర్షన్ ఇంకా ఎక్కువగా నెట్ మీదే నడుస్తుంది. పైగా దేశాలవారీగా వరల్డ్ అప్‌డేట్లు ఉచితంగా ఇచ్చారు. టైల్స్ చేసుకుంటూ హార్డ్ డిస్క్ నింపుకోవాల్సిన పనేముంది?

రన్‌వే27:
@సాయంత్రం_సెస్నా అండీ, 2020 సిమ్ వచ్చిన కొత్తలో మెల్‌బోర్న్ శివారులో ఒక వింత కనిపించింది, గుర్తుందా? మామూలు ఇళ్ల మధ్యలో 212 అంతస్తుల సన్నటి గోపురం. ఎవరైనా దిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరో ఒక భవనానికి 2 అంతస్తులని రాయబోయి 212 అని కొట్టారు. అక్కడ ఆ తప్పును ఎవరో దిద్దారు కూడా. కానీ సిమ్ తీసుకుంది అంతకుముందరి డేటా. అప్పుడే లండన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్ ఏదో ఆఫీసు భవనంలా నిలబడింది. పైనుంచి తీసిన ఫొటో చూసి భవనాలు లేపే పద్ధతికి కప్పు ఆకారం తెలుస్తుంది, కప్పు కింద ఉన్నది ప్యాలెసో గోడౌనో తెలీదు. నేను ప్రాంతీయ సీనరీ అంటున్నది ఆ లోటు తీర్చేదాన్ని: లైట్‌హౌస్, నీళ్ల ట్యాంకు, ఫ్యాక్టరీ పొగగొట్టం, రేడియో టవర్, వంతెన. దారి పట్టుకునేవాడు చూసేది వీటినే.

సాయంత్రం_సెస్నా:
ఆ గోపురాన్ని చూడటానికి జనం క్యూ కట్టారు కదండీ 😄 సరే, ల్యాండ్‌మార్క్‌ల మాట ఒప్పుకుంటా. వాటిని ఉచితంగా చేసి పెట్టేవాళ్లు బోలెడుమంది. సిమ్‌లో యాడ్-ఆన్‌లు పెట్టే కమ్యూనిటీ ఫోల్డర్‌లో పడేస్తే చాలు.

పాతకాపు:
మీరందరూ 2020 నుంచి మాట్లాడుతున్నారు. మేం 2006లో వచ్చిన మైక్రోసాఫ్ట్ పాత సిమ్ ఎఫ్ఎస్ఎక్స్ కాలం నుంచి ఇదే తగువులో ఉన్నాం. అది 32-బిట్ ప్రోగ్రామ్, మెమరీ 4 జీబీ దాటే దారి లేదు. మంచి సీనరీ, బరువైన విమానం రెండూ కలిపి వేస్తే సరిగ్గా ల్యాండింగ్‌కి ముందు 'టింగ్' మని శబ్దం, ఆ తర్వాత మెమరీ చాలలేదన్న సందేశం. ప్రీపేర్3డి అనే సిమ్ నాలుగో వెర్షన్ 2017లో 64-బిట్ అయ్యేదాకా ఆ టెన్షన్ పోలేదు.

ఆ రోజుల్లో ఫొటో సీనరీ ఉండేది. దాన్ని కాదని చాలామంది ల్యాండ్‌క్లాస్ వైపు వెళ్లారు. ఇక్కడ అడవి, ఇక్కడ మాగాణి, ఇక్కడ శివారు కాలనీ అని గుర్తించి, ఆ ప్రాంతానికి తగ్గట్టు చేతితో గీసిన టెక్స్చర్లు (నేల బొమ్మలు) వేసే పద్ధతి అది. ఆర్బ్‌ఎక్స్ అనే సీనరీ కంపెనీ వాళ్ల అమెరికా వాయవ్య ప్రాంతం చూసినవాళ్లకి తెలుస్తుంది. శీతాకాలం వస్తే నేల మారేది, ఆకులు రాలేవి, రాత్రయితే దీపాలు ఉండాల్సిన చోట వెలిగేవి. ఫొటోకి ఒకటే రుతువు, ఒకటే గంట.

ఒకసారి దగ్గరగా చూడండి. సిమ్‌లో టైమ్ సాయంత్రం ఐదుకి పెట్టి, ఆర్థో మీద ఒక ఊరిపైకి తక్కువ ఎత్తులో వెళ్లండి. సిమ్ లేపిన ఇంటి నీడ తూర్పుకి పొడుగ్గా పడుతుంది. అదే ఇంటి పక్కన ఫొటోలో అచ్చయిపోయిన ఇంకో నీడ ఉత్తరానికో వాయవ్యానికో పొట్టిగా ఉంటుంది, ఎందుకంటే ఆ ఫొటో తీసింది పొద్దున పదికో పదకొండుకో. ఒక ఇంటికి రెండు నీడలు. ఒకసారి కంట్లో పడిందా, ఇక అదే కనిపిస్తుంది.

ఆర్థోపిచ్చి:
పాతకాపు గారూ, రెండు నీడల సంగతి నిజమే. కానీ ల్యాండ్‌క్లాస్‌లో ఒకే మాగాణి ముక్క మైళ్లకొద్దీ తిరిగి తిరిగి వస్తుంది కదా. అదే ఎర్ర కప్పు కొట్టం, పక్కనే అదే చెట్టు, మళ్లీ మళ్లీ. అది కంట్లో పడితే మాత్రం వదులుతుందా?

35వేల_అడుగులు:
నేను ఎయిర్‌లైనర్ బ్యాచ్. క్రూజ్‌లో (పైన నిలకడగా ఎగిరేటప్పుడు) కింద ఏముందన్నది నాకు అనవసరం. మబ్బులు బాగుంటే చాలు. నాకు కావాల్సింది బయల్దేరే ఎయిర్‌పోర్టు, దిగే ఎయిర్‌పోర్టు, ఫ్లేర్ టైమ్‌లో (నేల తాకే ముందు ముక్కు ఎత్తేటప్పుడు) ఫ్రేమ్స్ పడిపోకపోవడం. ప్రాంతీయ ప్యాకేజీ ఒకటి వేస్తే సరిగ్గా ఫైనల్ అప్రోచ్‌లోనే (రన్‌వే వైపు దిగేటప్పుడే) లక్ష చెట్లు లోడ్ చేస్తుంది. స్క్రీన్ ఒక్క క్షణం గడ్డకట్టిందంటే రన్‌వే మీద గెంతే. ఆ బరువు మోయడం కంటే మంచి విమానం, మంచి వెదర్ మేలు.

రన్‌వే27:
@35వేల_అడుగులు, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌కి ఎప్పుడైనా దిగారా? రెండు పక్కలా రెండు వేల మీటర్లు దాటిన కొండలు, మధ్యలో లోయ, అందులో రన్‌వే. అక్కడ మెష్ ముతకగా ఉంటే శిఖరాలు నున్నగా అరిగిపోయి కనిపిస్తాయి, లోయ వెడల్పయిపోతుంది, అప్రోచ్‌లో అసలు భయమే ఉండదు. మీ జెట్ ఎంత గొప్పదైనా సరే.

మెష్ గురించి కొంచెం వివరంగా రాస్తా, ఎవరూ పట్టించుకోనిది ఇదే కాబట్టి. చాలా సిమ్‌లకి, ఫ్రీవేర్ మెష్‌లకి ఆధారం 2000 ఫిబ్రవరిలో నాసా స్పేస్ షటిల్ ఎండెవర్ 11 రోజుల ప్రయాణంలో రాడార్‌తో తీసిన ఎత్తుల డేటా, ఎస్ఆర్‌టీఎం. ఉత్తరాన 60 డిగ్రీల నుంచి దక్షిణాన 56 డిగ్రీల దాకానే కొలిచింది. అంటే అలాస్కాలో చాలా భాగం, నార్వేలో ఎక్కువ భాగం అందులో లేవు. రాడార్ పక్కవాటుగా చూస్తుంది కనుక నిటారు కొండల వెనక రాడార్ నీడ పడి ఖాళీలు మిగిలాయి. చాలాకాలం అమెరికా బయట అందరికీ దొరికింది 90 మీటర్లకి ఒక బిందువు చొప్పునే. 30 మీటర్ల డేటా 2014 నుంచి విడతలవారీగా బయటికొచ్చింది. 90 మీటర్ల మెష్‌లో ఇరుకు కొండవాగు అసలు ఉండదు. దాని మీద ఎంత పదునైన ఫొటో పరిచినా, వాగు కొండవాలు మీద గీసిన బొమ్మలా ఏటవాలుగా పాకుతుంది. కొన్నిచోట్ల నీళ్లు ఎగువకి కూడా పారతాయి.

ఆర్థోపిచ్చి:
ఆర్థో4ఎక్స్‌పీ ఫొటోతో పాటు మెష్ కూడా కొత్తగా కడుతుంది బ్రో. నీకు నచ్చిన ఎత్తుల డేటా ఇచ్చుకోవచ్చు. అంటే ఆర్థో వేసుకున్నవాడికి మెష్ కూడా మెరుగవుతోంది. ఈ రెండింటినీ విడదీసి పోటీ పెట్టడమే నాకు అర్థం కావట్లేదు.

రన్‌వే27:
ఈ పాయింట్ గట్టిదే. కానీ జనం అందులో ఏం మారుస్తారు? జూమ్ లెవెల్ (ఫొటో ఎంత వివరంగా ఉండాలన్న అంకె) పెంచుతారు, ఎత్తుల డేటా డిఫాల్ట్‌గా వదిలేస్తారు. భూమధ్యరేఖ దగ్గర జూమ్ లెవెల్ 16 అంటే పిక్సెల్‌కి దాదాపు 2.4 మీటర్లు. కారు వెడల్పు అందులో ఒక పిక్సెల్ కూడా ఉండదు. 17లో 1.2, 18లో 0.6. ఒక్కో మెట్టు ఎక్కితే ఫొటోల సంఖ్య నాలుగింతలు. 16 నుంచి 18కి వెళ్తే పదహారింతలు. డిస్క్ అంతా దానికే పోయాక కూడా, 500 అడుగుల ఎత్తులో హెలికాప్టర్‌తో వెళ్తే కింద కనిపించేది అలికేసిన రంగులే. అదే చోట చేతితో పెట్టిన వంతెన, నాలుగు పోల్స్, సరైన కప్పు రంగున్న ఇళ్లు ఉంటే బుర్ర మిగతాది తనే నింపుకుంటుంది.

మ్యాప్_మడత:
నేను పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాను, కొంచెం వేరే కోణం. చార్ట్ (పైలట్ల మ్యాప్) చూసి ఎగరడం నేర్చుకునేటప్పుడు మేం చార్ట్‌లో ఉన్నదాన్ని బయట వెతుకుతాం: రైలు పట్టాలు రోడ్డును దాటే చోటు, చెరువు ఆకారం, టవర్. అవి సిమ్‌లో సరైన చోట ఉంటే చాలు, అందంగా లేకపోయినా పర్లేదు. కాకపోతే నిజంగా పైకి వెళ్తే ఆ గుర్తులు అంత స్పష్టంగా కనపడవు. కింద గజిబిజి చాలా ఎక్కువ. ఆ గజిబిజిలోంచి గుర్తును పట్టుకోవడమే అసలు కష్టం. ఆ గజిబిజి ఫొటో సీనరీలోనే వస్తుంది. చేతితో చేసిన సీనరీలో ల్యాండ్‌మార్క్ 'నన్ను చూడు' అన్నట్టు నిలబడి ఉంటుంది. అది పరీక్షను తేలిక చేసినట్టే.

పాతకాపు:
ఈ మాట బాగా చెప్పారమ్మా. ఇన్నేళ్లలో ఈ వాదన ఎవరూ తేలేదు.

ఆర్థోపిచ్చి:
విన్నావా @రన్‌వే27? గజిబిజి కావాలట 😎

రన్‌వే27:
విన్నాను. నేర్చుకునేవాళ్ల విషయంలో అది సరైన మాట. అయినా ఆ గజిబిజిలో దొరకాల్సిన టవర్ అసలంటూ అక్కడ ఉండాలిగా. ఫొటోలో టవర్ అంటే నేలమీద ఒక చుక్క, దాని నీడ. అది లేచి నిలబడదు.

గేట్‌వే_కూలీ:
ఎక్స్-ప్లేన్ సీనరీ గేట్‌వేకి (యూజర్లు చేసిన ఎయిర్‌పోర్టులు పోగయ్యే సైట్) ఎయిర్‌పోర్టులు చేసి ఇస్తుంటాను, వరల్డ్ఎడిటర్ అనే టూల్‌తో. మీ వాదనలో ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది: అతుకులు. నేను రన్‌వే పెట్టేది డిఫాల్ట్ మెష్ ఎత్తు చూసి. మీరు వేరే మెష్ వేస్తారు, ఎయిర్‌పోర్టు గట్టు మీద కూర్చుంటుంది, లేదంటే గుంటలో పడుతుంది. టాక్సీవే చివర గోడలా నిలువు కొండ. తర్వాత నాకు మెసేజ్: "నీ ఎయిర్‌పోర్టు పాడైంది."

ఎక్స్-ప్లేన్‌లో సగం గొడవలు, ఏ సీనరీ పైనో ఏది కిందో చెప్పే సీనరీ_ప్యాక్స్ డాట్ ఐఎన్ఐ ఫైల్‌లో వరుస సరిచేస్తే పోతాయి. పైన ఉన్నదానికే పెత్తనం. ఎయిర్‌పోర్టులు పైన, వాటి కింద ల్యాండ్‌మార్క్‌లు, ఆ కింద రోడ్లు-చెట్ల ఓవర్‌లేలు (నేలమీద వేసే పొరలు), తర్వాత ఆర్థో, అట్టడుగున మెష్. ఇది తిరగబడితే రన్‌వే మధ్యలో చెట్లు మొలుస్తాయి. ఇంకొకటి, ఒకే టైల్‌కి రెండు నేలలు నడవవు. ఆర్థో టైల్ తన నేల తనే తెస్తుంది. కింద విడిగా పెట్టిన మెష్ ఆ టైల్‌లో కనిపించదు. విడి మెష్ వేశాం కదా అని దానిమీద ఆర్థో వేసి "తేడా లేదేంటి" అనేవాళ్లు ఎక్కువ.

35వేల_అడుగులు:
అందుకే నేను ఏమీ వెయ్యను.

గేట్‌వే_కూలీ:
మీలాంటివాళ్ల వల్లే నాకు నిద్ర పడుతోంది సార్ 🙏

సాయంత్రం_సెస్నా:
ఒక సందేహం. అన్నీ ఇంత కష్టమైతే తయారైన ఆర్థో టైల్స్ ఎవరైనా షేర్ చేయొచ్చు కదా? ప్రతివాడూ సొంతంగా రాత్రంతా కంప్యూటర్ ఆన్‌లో పెట్టుకుని చేసుకోవడమెందుకు?

గేట్‌వే_కూలీ:
ఫొటోల హక్కులు మ్యాప్ కంపెనీలవి. వాటిని పంచిపెట్టే హక్కు మనకి ఉండదు. అందుకే టూల్ ఇస్తారు, టైల్స్ ఇవ్వరు. కొన్ని దేశాల ప్రభుత్వాలు తమ ఏరియల్ ఫొటోలను ఉచిత లైసెన్సుతో వదిలాయి. అలాంటి చోట్లే రెడీమేడ్ ప్యాకేజీలు దొరుకుతాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మాత్రం అందరిదీ. ఎక్స్-ప్లేన్‌కి సీనరీ చేసే సింహెవెన్ వాళ్లు ఇళ్లు, అడవులు ఉచితంగా ఇవ్వగలుగుతున్నది దాని వల్లే.

కొత్తరెక్క:
నేను కొత్త. అంతా చదివాను, సగమే అర్థమైంది 😅 ఎక్స్-ప్లేన్ 12, చిన్న విమానం, కొండ ప్రాంతం. డిస్క్‌లో ఖాళీ తక్కువ. ఏం చేయమంటారు?

రన్‌వే27:
ప్రపంచం మొత్తానికి వద్దు. ఎగిరే చోటుకి రెండు మూడు టైల్స్ చాలు, ఒక్కో టైల్ ఒక డిగ్రీ పొడవు, ఒక డిగ్రీ వెడల్పు. ముందు ఆ ప్రాంతానికి మంచి మెష్ ఉందేమో చూడు. దానిమీద సింహెవెన్ లాంటిది ఏదైనా వేసి, జీపీఎస్ ఆపేసి, లోయ వెంట ఒక దారి ఎగిరి చూడు. ఎక్కడ ఉన్నావో తెలుస్తోందంటే ఆర్థోతో పనిలేదు.

ఆర్థోపిచ్చి:
తెలియకపోతే ఆ టైల్స్‌కే జూమ్ లెవెల్ 16లో ఆర్థో చేసుకో, ఎయిర్‌పోర్టు చుట్టూ మాత్రం 18 పెట్టు, దానికి సెట్టింగ్ ఉంది. డిస్క్ ఎక్కువ తినదు. చేసేటప్పుడు రన్‌వే27 చెప్పిన మంచి ఎత్తుల డేటానే అందులో ఇవ్వు. ఆ ఒక్కదాంట్లో అతని మాట విను 😄

గేట్‌వే_కూలీ:
ఏం చేసినా ముందు ఐఎన్ఐ ఫైల్ కాపీ ఒకటి పక్కన పెట్టుకో తమ్ముడూ.