ఆఫీసు బాగుంటే మనుషులు మానేయరా? రుషికొండకు మారుతున్నాం, సలహా కావాలి

మధురవాడ మేనేజర్:
మాది ఎనభై మంది ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఇప్పుడు వైజాగ్ సిరిపురంలో ఉన్నాం, రుషికొండ ఐటీ హిల్స్ వైపు మారుతున్నాం. పిల్లలు పని నేర్చుకోగానే హైదరాబాద్, బెంగళూరు చెక్కేస్తున్నారు. అందుకని మా ఎండీ గారు ఈసారి ఇంటీరియర్స్ మీద గట్టిగా ఖర్చు పెడదామంటున్నారు. తూర్పు వైపంతా అద్దాలు, ఎదురుగా సముద్రం, గోడల్లేని పెద్ద హాలు, ఎవరు ముందొస్తే వాళ్లకి నచ్చిన సీటు. బెంగళూరులో ఎంత పోసినా ఆ వ్యూ రాదు కదా. ఇలా చేస్తే మనుషులు నిలబడతారా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ప్లాన్ అండ్ ఎలివేషన్:
నా వృత్తే ఇది కాబట్టి చెబుతున్నాను. ప్లానింగ్ వల్ల తేడా ఉంటుంది, కానీ మీ ప్లాన్‌లోనే తేడా ఉంది. గోడలు తీసేస్తే అందరూ కలిసిపోయి మాట్లాడుకుంటారని అనుకుంటారు. హార్వర్డ్‌కి చెందిన బెర్న్‌స్టైన్, టర్బన్ అలాంటి హాళ్లకి మారిన రెండు పెద్ద కంపెనీలను పరిశీలించి 2018లో ప్రచురించారు. ఎదురెదురుగా మాట్లాడుకోవడం 70 శాతం దాకా తగ్గింది, మెయిళ్లు పెరిగాయి. నలుగురూ చూస్తుంటే మనిషి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తల దించుకుంటాడు.
ఇక తూర్పు అద్దాలు. పొద్దున్నే ఎండ సముద్రం మీద నుంచి సూటిగా మానిటర్ మీదికొస్తుంది. తొమ్మిదింటికి బ్లైండ్స్ దించుతారు, ఆ తర్వాత రోజంతా ఎవరూ ఎత్తరు. బయట నుంచి సన్‌షేడ్ ఇవ్వాలి. అదీ ఉప్పుగాలికి తుప్పు పట్టనిదై ఉండాలి.

నైట్ షిఫ్ట్ బాబు:
మా షిఫ్ట్ సాయంత్రం ఆరున్నరకి మొదలు. అటువైపు సముద్రం ఉందని విన్నాం.

పూర్ణామార్కెట్ కోడర్:
అద్దాలూ హాళ్లూ పక్కన పెట్టండి. 2022 జూన్ త్రైమాసికానికి ఇన్ఫోసిస్‌లో తమంతట తాము మానేసినవాళ్లు ఏడాది లెక్కన 28.4 శాతం. మైసూరులో వాళ్ల క్యాంపస్ ఎంత అందంగా ఉంటుందో అందరికీ తెలుసు. మరుసటి ఏడాదికల్లా ఆ అంకె బాగా పడిపోయింది. ఆఫీసులు అందంగా మారాయనా? కాదు, బయట ఉద్యోగాలు తగ్గాయి. బయట నాలుగు డబ్బులు ఎక్కువిస్తే పోతారు, లేకపోతే ఉంటారు. అంతే.

ప్లాన్ అండ్ ఎలివేషన్:
2022 జూన్ నాటికి చాలామంది ఇంటి నుంచే పని చేస్తున్నారు. ఆఫీసుకే రాని మనుషుల్ని చూపించి, ఆఫీసు వాళ్లని ఆపలేకపోయిందంటే ఎలా అండీ?

గాజువాక అన్న:
మీరిద్దరూ లెక్కలు తర్వాత చూసుకోండి. ఎవరు ముందొస్తే వాళ్లకి సీటు అంటే దెబ్బ ఎవరికో తెలుసా? గాజువాక నుంచి ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక దాటుకుని వచ్చేవాడికి. మా పాత కంపెనీలో ఇదే పెట్టారు. ఎంవీపీ కాలనీ వాళ్లు ముందే వచ్చి మంచి చోట్లు పట్టేసేవారు. మాకు వాష్‌రూమ్ పక్కవి మిగిలేవి. టీమ్ లీడ్ ఎక్కడ కూర్చున్నాడో తెలియక వాట్సాప్‌లో ‘ఎక్కడున్నారు సార్’ అని అడుక్కోవడం. వాటర్ బాటిల్ పెట్టుకోవడానికి కూడా నాదంటూ చోటు లేదు. ఇంక ఆ ఆఫీసు నాదని ఎలా అనుకోమంటారు? మానేశాను.

మధురవాడ మేనేజర్:
అది మీ ఒక్కరి అనుభవం. కాస్త ముందు బయల్దేరితే సరిపోయేది కదా.

గాజువాక అన్న:
ముందు బయల్దేరమంటారేటి! దూరం జరిగింది కంపెనీ, నేను కాదు.

భీమిలి ఆడపడుచు:
ఇంతసేపటికీ ఒక్కరైనా క్రెష్, అంటే తల్లులు పనిలో ఉన్నంతసేపు చంటిపిల్లల్ని చూసుకునే చోటు, మాట ఎత్తలేదు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చిన నియమం ప్రకారం యాభై మంది, అంతకంటే ఎక్కువ ఉన్న చోట క్రెష్ సదుపాయం ఉండాలి. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. మీరు ఎనభై మంది అన్నారు. నేను చేసిన కంపెనీలో టేబుల్ టెన్నిస్ ఉండేది, గోడ మీద పెద్ద పెయింటింగ్ ఉండేది. బిడ్డ కోసం పాలు పిండి పెట్టుకోవడానికి మాత్రం స్టోర్ రూమ్, ప్రింటర్ అట్టపెట్టెల మధ్య. మానేసేటప్పుడు ఫారంలో ‘వ్యక్తిగత కారణాలు’ అని రాయించుకున్నారు.

మధురవాడ మేనేజర్:
మా దగ్గర చిన్నపిల్లలున్న ఆడవాళ్లు ఇద్దరేనమ్మా.

భీమిలి ఆడపడుచు:
మిగతావాళ్లు ఎందుకు మానేశారో అడిగారా?

ప్లాన్ అండ్ ఎలివేషన్:
సన్‌షేడ్ సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు.

పూర్ణామార్కెట్ కోడర్:
మేనేజర్ గారూ, సూటిగా అడుగుతున్నా. ఇదే పనికి హైదరాబాద్‌లో ఇచ్చే జీతం మీరిస్తున్నారా?

మధురవాడ మేనేజర్:
ప్రతిదానికీ జీతమేనా? ఇక్కడ అద్దె తక్కువ, ట్రాఫిక్ తక్కువ, అమ్మానాన్నల దగ్గర ఉండొచ్చు. సొంతూళ్లో ఉండే సుఖానికి విలువ లేదా? హైదరాబాద్ జీతాలే ఇవ్వాలంటే మేం హైదరాబాద్‌లోనే పెట్టుకునేవాళ్లం. వైజాగ్ దాకా ఎందుకొస్తాం?

పూర్ణామార్కెట్ కోడర్:
ఇదీ, ఇప్పుడొచ్చారు దారికి. సముద్రం చూపించి జీతంలో కోత పెడుతున్నారు. ఆ సముద్రం మీ ఎండీ గారు కొనుక్కొచ్చింది కాదు. నేను పుట్టినప్పటి నుంచీ ఆర్కే బీచ్‌లో ఊరికే చూస్తున్నాను. వైజాగ్ వాడినని బ్యాంకు వాడు నా ఈఎంఐ తగ్గిస్తాడా?

గాజువాక అన్న:
కోడర్ బాబూ, అందరి తరఫునా మీరు మాట్లాడకండి. మా అమ్మకి ఒంట్లో బాగోదు. ఆవిడ దగ్గరుంటే చాలని కొంచెం తక్కువ జీతానికైనా ఉండేవాణ్ణి, ఉన్నాను కూడా. సీటు గొడవకే మానేశాను.

పూర్ణామార్కెట్ కోడర్:
మీలాంటివాళ్లు తక్కువకి ఒప్పుకోబట్టే మాకూ అదే జీతం అంటున్నారు.

గాజువాక అన్న:
మాట జాగ్రత్త. మా ఇంటి పరిస్థితి మీకేం తెలుసు?

నిర్వాహకుడు:
వ్యక్తిగతంగా వెళ్లొద్దు. మరోసారైతే ఇద్దరినీ ఆపేస్తాను.

ప్లాన్ అండ్ ఎలివేషన్:
మేనేజర్ గారూ, మా క్లయింట్లందరిదీ ఒకటే వరస. రిసెప్షన్‌లో ఇటాలియన్ మార్బుల్ అంటారు, రోజంతా కూర్చునే కుర్చీ దగ్గర బేరం ఆడతారు. జీతం సంగతి మీరూ కోడర్ గారూ తేల్చుకోండి, అది నా డ్రాయింగ్‌లో తేలేది కాదు. గాజువాక అన్న, భీమిలి అమ్మాయి మాత్రం జీతం కోసం మానలేదు. ఎవరి సీటు వాళ్లకివ్వండి. ఎండీ గారి క్యాబిన్ కిటికీ పక్క నుంచి తీసి లోపలికి జరపండి. వీటికి పెద్ద ఖర్చు కూడా కాదు.

మధురవాడ మేనేజర్:
సీట్ల సంగతి మాట్లాడతాను. క్యాబిన్ జరపమని ఆయనకి నేను చెప్పలేను.

భీమిలి ఆడపడుచు:
నా ప్రశ్నకి జవాబు రాలేదు.

మధురవాడ మేనేజర్:
చట్టం తెలుసమ్మా. క్రెష్ పక్క కంపెనీలతో కలిసి పెట్టుకోవచ్చు కదా?

భీమిలి ఆడపడుచు:
పెట్టుకోవచ్చు. ఉమ్మడిగా నడుపుకోవచ్చని చట్టంలోనే ఉంది. పక్క కంపెనీ వాళ్లని అడిగారా మరి?

ప్లాన్ అండ్ ఎలివేషన్:
గ్రౌండ్ ఫ్లోర్‌లో గాలీ వెలుతురూ ఉన్న గది ఏదైనా ఖాళీగా ఉందా?

మధురవాడ మేనేజర్:
ఒకటుంది. ఎండీ గారు దాన్ని జిమ్‌కి అనుకుంటున్నారు. సోమవారం మీటింగులో అడుగుతాను.