కథ చెబుతుంటే కింద మ్యూజిక్: ఆటో డక్‌తో సరిపెట్టాలా, చేత్తో గీయాలా?

కథల_డబ్బా
మా అమ్మమ్మ చెప్పే కథలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడుతున్నాను. ఒక్కోటి ఇరవై నిమిషాల పైమాటే. కింద సన్నగా వేణువు నడుస్తుంది. నా స్నేహితుడు వాయించి ఇచ్చిందే కాబట్టి కాపీరైట్ గొడవ లేదు. గొడవంతా మిక్సింగ్ దగ్గరే. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆటో డక్ వేశాను, మాట వచ్చినప్పుడల్లా మ్యూజిక్‌ని దానంతటదే తగ్గించేది. అమ్మమ్మ కాస్త ఆగితే చాలు, వేణువు పైకి లేస్తుంది. ఆవిడ మళ్ళీ అందుకోగానే ముడుచుకుపోతుంది. ఆవిడ కథలో ఆ ఆగడమే అసలు రుచి, అక్కడే ఈ లేవడం, పడుకోవడం.

ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. ‘డిఫాల్ట్ సెట్టింగులు మార్చక్కా, సర్దుకుంటుంది’ అని తమ్ముడు. ‘మెషీన్‌కి వదలకు, మ్యూజిక్ ఎక్కడెంత ఉండాలో ఎన్వలప్ టూల్ తీసుకుని చేత్తో గీసుకో’ అని వేణువు వాయించినవాడు. మీరేమంటారు?

ఫేడర్_బాబాయ్
చేత్తోనే. ఎందుకో చెబుతాను.

తెలుగులో క్రియ వాక్యం చివర పడుతుంది. పెద్దవాళ్ళు కథ చెప్పేటప్పుడు గొంతు కూడా అక్కడే దిగుతుంది. ‘ఆ రాత్రి పోయినవాడు మళ్ళీ ఇంటికి...’ వరకూ నిండుగా చెప్పి, ‘రాలేదు’ అన్నది దాదాపు గొణుగుతారు. కథంతా ఆ ‘లేదు’ మీదే ఉంది. ఆటో డక్‌కి ఇదేం తెలుసు? దానికి తెలిసింది ఒక గీత. దాన్నే థ్రెషోల్డ్ అంటారు, డిఫాల్ట్‌గా −30 డీబీ (డెసిబెల్, చప్పుడు కొలత). గొంతు ఆ గీత దిగిందంటే మాట అయిపోయిందని దాని లెక్క. ఆ తర్వాత ఒక సెకను పైగా మౌనం ఉంటే, గొంతు గీత దిగిన చోటు నుంచే అర సెకనులో మ్యూజిక్‌ని పైకి తెచ్చేస్తుంది. అంటే ‘లేదు’ మీదికే వేణువు ఎక్కుతుంది. వినేవాడికి వాడు వచ్చాడో రాలేదో తెలియదు.

ఎన్వలప్ టూల్ తీసుకో అమ్మా, ఎఫ్2 నొక్కితే వస్తుంది. మాట పూర్తయ్యాక, గది నిశ్శబ్దం కాస్త వినిపించనిచ్చి, అప్పుడు ఒక చుక్క పెట్టు. అక్కడి నుంచి మెల్లగా ఎత్తు. ఎక్కడ ఎత్తాలో కథ తెలిసినవాళ్ళకే తెలుస్తుంది.

టైమ్‌లైన్_తిరుపతి
బాబాయ్ గారూ, మీరు చెప్పిన జబ్బు నిజమే, మందు మాత్రం వేరే ఉంది. డిఫాల్ట్ అనేది ఎవరి గొంతుకీ కుట్టిన చొక్కా కాదు.

ఎంతసేపు ఆగితే మ్యూజిక్ లేవాలో చెప్పే మాక్సిమమ్ పాజ్ ఒక సెకను ఉంది కదా, దాన్ని మూడు, నాలుగు చేయండి. అమ్మమ్మ గారు ఆగినా వేణువు కదలదు. ఔటర్ ఫేడ్ అప్, అంటే మ్యూజిక్ లేవడానికి పట్టే సమయం, అర సెకను నుంచి రెండు సెకన్లకి పెంచండి, లేచినా ఎవరూ గమనించరు. థ్రెషోల్డ్ −40కి దించండి, మీ ‘లేదు’ కూడా లెక్కలోకి వస్తుంది. ఇరవై నిమిషాల కథకి చుక్కలు పెట్టుకుంటూ కూర్చుంటే వారానికో కథ కూడా బయటికి రాదు. పైగా అంతా గీసేశాక మధ్యలో ఒక పేరా తీసేయాలనిపించి గొంతు ట్రాక్‌లో కోశారనుకోండి, అక్కడి నుంచి మీరు గీసినదంతా పక్కకి జరిగిపోతుంది. ట్రాకులన్నీ కలిసి జరిగేలా సింక్ లాక్ పెట్టుకోకపోతే అంతే సంగతులు.

ఫేడర్_బాబాయ్
−40కి దించితే ఫ్యాన్ చప్పుడు కూడా ‘మాట’ కిందికే వస్తుంది నాయనా. ఇంట్లో రికార్డు చేసినది, స్టూడియోలో కాదు. అప్పుడు మ్యూజిక్ కథంతా అణిగే ఉంటుంది, ఎక్కడా లేవదు. ఆ మాత్రం దానికి డక్ ఎందుకు, మొత్తంగా వాల్యూమ్ తగ్గించుకుంటే పోలా? కోతలన్నీ అయ్యాకే గీయాలన్నది మాత్రం నిజం, ఆ ముక్క ఒప్పుకుంటా.

ఓరుగల్లు_పోరడు
మీరిద్దరు పైకి లేసేటిదాని గురించే కొట్లాడుతున్నరు. కిందికి ఎంత దిగుతుందో చూసిన్రా?

ఆటో డక్‌ల డక్ అమౌంట్ −12 అని ఉంటది. గా లెక్క గొంతు కంటే పన్నెండు తక్కువ అని కాదు, మ్యూజిక్ ముందు ఎంతుండెనో దానికెల్లి పన్నెండు తక్కువ. ఇప్పుడు లెక్క చూడున్రి. మ్యూజిక్ ఫైల్ గట్టిగ మాస్టర్ చేసింది, −14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగ ఇనబడతదో చెప్పే కొలత, గిది కూడ డీబీల లెక్కనే) ఉన్నదనుకుందాం. ముసలామె గొంతు −20 దగ్గర ఉన్నది. డక్ అయినంక మ్యూజిక్ −26. ఇద్దరి నడుమ తేడా ఆరే. గంత దగ్గర ఉంటే చేత్తోని గీసినా ఒకటే, మెషీన్ గీసినా ఒకటే, మాట ఇనబడది.

అక్కా, ముందుగాల ఎనలైజ్ మెనూల కాంట్రాస్ట్ అని ఉంటది, దాన్ని తెరువు. గొంతు ట్రాక్‌ల ఒక ముక్క సెలెక్ట్ చేసి ఫోర్‌గ్రౌండ్ కొలువు. గదే చోట వేణువు ట్రాక్ సెలెక్ట్ చేసి బ్యాక్‌గ్రౌండ్ కొలువు. తేడా ఎంతొచ్చిందో ఈడ చెప్పు, తర్వాత మాట్లాడుదాం.

వంటింటి_రేడియో
నాకు ఈ డీబీలు తెలియవండీ. నేను కథలు వినేది వంట చేసుకుంటూ, ఫోన్ గట్టు మీద పెట్టుకుని. ఒక పక్క కుక్కరు, ఒక పక్క చిమ్నీ. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే కాలింగ్ బెల్ వినపడదు, అందుకే స్పీకర్లోనే. అందులో వేణువు మాత్రం చక్కగా వినిపిస్తుంది, అమ్మమ్మ గారి మాట మాత్రం సగమే. అసలు మ్యూజిక్ ఎవరడిగారు? మా ఇంట్లో పెద్దవాళ్ళు కథ చెప్పినప్పుడు వెనకాల ఎవరూ ఏమీ వాయించలేదు.

టైమ్‌లైన్_తిరుపతి
అమ్మా, మ్యూజిక్ లేకుండా పెడితే ‘బోర్’ అని రెండో నిమిషంలోనే వెళ్ళిపోయే జనం కూడా ఉన్నారు.

వంటింటి_రేడియో
పోనివ్వండి. ఉన్నవాళ్ళకైనా వినపడాలి కదా.

ఓరుగల్లు_పోరడు
వంటింటి అక్క అన్నదాంట్ల సైన్స్ ఉన్నది. పాత ఫోన్ కాల్‌ల మన గొంతును మోసింది 300 నుంచి 3400 హెర్ట్జ్ నడుమనే, అయినా మాట సమజైంది కదా. చిన్న స్పీకర్ కూడ గా పట్టీలనే బాగ పలుకుతది, కింది బేస్ అసలే ఇనబడది. వేణువు పాడేది కూడ ఆడనే. అంటే ఇద్దరిదీ ఒకటే గద్దె, కొట్లాట తప్పది. అదే మృదంగమైతే గింత గోస ఉండకపోవు.

వేణువే కావాలంటే ఫిల్టర్ కర్వ్ అనే ఈక్వలైజర్‌ల 1000 నుంచి 4000 హెర్ట్జ్ దాక నాలుగైదు డీబీలు తవ్వున్రి. మ్యూజిక్ ట్రాక్‌ల మాత్రమే. ఒక్కదాన్నే ఇంటే వేణువు జర మొద్దుబారినట్లు అనిపిస్తది, గొంతు కింద పెట్టంగనే సరిపోతది.

స్పర్శ
నాకు చూపు లేదు. తెర మీదిది చదివి వినిపించే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌తో ఆడాసిటీ వాడతాను, కథలూ పాఠాలూ ఎడిట్ చేస్తాను. బాబాయ్ గారి ‘చేత్తోనే, ఎందుకో చెబుతాను’ చదివి నవ్వొచ్చింది. ఎన్వలప్ టూల్ పూర్తిగా మౌస్ మీద నడిచేది. చుక్క ఎక్కడ పెట్టానో స్క్రీన్ రీడర్ చెప్పదు. మీ లెక్కన నాలాంటివాళ్ళు మిక్సింగ్ మానుకోవాలి.

మానుకోలేదు, ఆటో డక్‌కీ వదిలిపెట్టలేదు. ప్లే చేస్తూ వింటాను. మ్యూజిక్ తగ్గాల్సిన చోట ఎడమ స్క్వేర్ బ్రాకెట్ మీట నొక్కుతాను, సెలెక్షన్ అక్కడ మొదలవుతుంది. మళ్ళీ లేవాల్సిన చోట కుడి బ్రాకెట్, అక్కడ ముగుస్తుంది. మ్యూజిక్ ట్రాక్‌లో ఆ ముక్కకి ఆంప్లిఫై తెరిచి −12 కొడతాను. అంచుల దగ్గర దభీమని మారకుండా రెండు పక్కలా ఇంకో చిన్న ముక్క తీసుకుని అడ్జస్టబుల్ ఫేడ్, వందో శాతం నుంచి పాతికకి, అటువైపు పాతిక నుంచి వందకి. పన్నెండు డీబీలంటే పాతిక శాతమే కాబట్టి అతుకు తెలియదు. అమ్మమ్మ గారి ‘లేదు’ పూర్తయిందో లేదో వేవ్‌ఫామ్ చూసి చెప్పేవాళ్ళకన్నా విని మీట నొక్కేవాడికే బాగా తెలుస్తుంది.

వంటింటి రేడియో గారి మాటకి ఒకటి కలుపుతాను. నాకు స్క్రీన్ రీడర్ గొంతూ, కథ గొంతూ, కింద మ్యూజిక్, మూడూ ఒకే చెవిలో పడతాయి. వెబ్ యాక్సెసిబిలిటీ నియమాల్లో, అదే డబ్ల్యూసీఏజీలో, 1.4.7 అని ఒకటుంది. మాట కింద ఉండే చప్పుడు మాటకన్నా కనీసం 20 డీబీలు తక్కువ ఉండాలి. ఒకటి రెండు సెకన్ల చప్పుళ్ళకి మినహాయింపు. పోరడు గారు చెప్పిన కాంట్రాస్ట్ కొలిచేది ఆ 20నే.

ఫేడర్_బాబాయ్
స్పర్శ గారూ, మీరు చేసేది చేతిపనే కదండీ. నేను అడిగేది మనిషి చెవి నిర్ణయించాలని. మౌసా, మీటా అన్నది నాకు పట్టింపు కాదు.

స్పర్శ
‘ఎన్వలప్ టూల్ తీసుకో’ అన్నది మీరేనండీ.

టైమ్‌లైన్_తిరుపతి
ఆ 20 డీబీల నియమం ట్రిపుల్ ఏ స్థాయిది, అంటే అన్నిటికన్నా కఠినమైన మెట్టు. అందరూ పాటించి తీరాలని కాదు. ఇరవై తగ్గిస్తే మ్యూజిక్ పదో వంతు అవుతుంది. బస్సులో వినేవాడికి అది ఉన్నట్టే తెలియదు. లేనట్టే ఉండేదానికి పెట్టడం దేనికి?

స్పర్శ
అదే మిమ్మల్ని అడుగుతున్నాను.

ఓరుగల్లు_పోరడు
తిరుపతన్నా, పెద్ద స్టూడియోలకు కూడ ఈ లొల్లి తప్పలే. 2011ల బీబీసీల బ్రయన్ కాక్స్ విశ్వం గురించి చేసిన సిరీస్ వచ్చింది. మ్యూజిక్ గట్టిగుంది, మాట ఇనబడతలేదని జనం ఫిర్యాదు చేస్తే, తర్వాతి భాగాలకు మ్యూజిక్ తగ్గించి మళ్ళ మిక్స్ చేసిన్రు. 2019ల అదే బీబీసీ ఒక ఆసుపత్రి సీరియల్ ఎపిసోడ్‌కు ఆన్‌లైన్‌ల ఒక స్లైడర్ పెట్టి చూసింది. ఒక దిక్కు జరిపితే మాట మీదికొస్తది, ఇంకో దిక్కు మామూలు మిక్స్. ఎంత కావాల్నో ఇనేటోడే జరుపుకుంటడు. మనకు గా స్లైడర్ లేదు, గందుకే అందరి తరఫున అక్కనే జరపాలె.

కథల_డబ్బా
కాంట్రాస్ట్ కొలిచాను. అమ్మమ్మ గట్టిగా చెప్పే చోట తేడా 15 డీబీలు వచ్చింది. గొంతు దించే చోట 7. మొత్తానికి ఒకే సంఖ్య వస్తుందనుకున్నాను, ఆవిడ గొంతుతో పాటు అదీ మారుతోంది. ముందు గొంతుకి కంప్రెసర్ వేస్తే?

టైమ్‌లైన్_తిరుపతి
వేయాలి. ముందు గొంతు సమం కావాలి, ఆ తర్వాతే డక్. గట్టి, మెల్ల మధ్య దూరం తగ్గితే థ్రెషోల్డ్ గొడవ సగం తీరుతుంది. చివర్లో మొత్తం కలిపి లౌడ్‌నెస్ నార్మలైజేషన్, అంటే మొత్తం చప్పుడుని ఒక లెక్కకి తేవడం. అక్కడ డిఫాల్ట్ −23 ఎల్‌యూఎఫ్‌ఎస్ ఉంటుంది, అది యూరప్ టీవీల లెక్క. ఆపిల్ పాడ్‌కాస్ట్ అడిగేది −16. యూట్యూబ్‌కీ ఆ చుట్టుపక్కల ఉంటే చాలు.

ఫేడర్_బాబాయ్
కంప్రెసర్ తేలిగ్గా వెయ్యి తల్లీ, గీత దాటిన ప్రతి రెండు డీబీలూ ఒకటయ్యేలా, రెండుకి ఒకటి చాలు. గట్టిగా బిగిస్తే ఆవిడ గొణిగినదీ అరిచినదీ ఒకే ఎత్తున వస్తాయి. నోరు చెవి దగ్గర పెట్టి రహస్యం చెప్పినట్టుండే ఆ చోటు పోతుంది. మిగిలిన లోటు వేణువుని దించి పూడ్చు, గొంతుని ఎత్తి కాదు.

కథల_డబ్బా
సరే, ఇలా చేస్తున్నాను. కంప్రెసర్ రెండుకి ఒకటి. వేణువులో 1000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య తవ్వకం. కథ నడిచినంతసేపూ మ్యూజిక్ తీసేస్తాను, ‘అలా కొన్నాళ్ళకి’ అని కథ మలుపు తిరిగే చోట్ల మాత్రమే ఉంచుతాను. ఆ చోట్లు స్పర్శ గారు చెప్పినట్టు వింటూ బ్రాకెట్ మీటలతో పట్టుకుంటాను. వేణువు వాయించినవాడు అలిగాడు. వాడికి మొదట్లో ముప్పై సెకన్లు సోలో ఇస్తానన్నాను.

టైమ్‌లైన్_తిరుపతి
మలుపుల దగ్గర మాత్రమే అయితే డక్ అక్కర్లేదు, ఫేడ్ ఇన్, ఫేడ్ అవుట్ చాలు. కానీ ఇది నా వాదన ఓడినట్టు కాదు. మీరు ప్రశ్నే మార్చేశారు.

వంటింటి_రేడియో
ముప్పై సెకన్లు ఎక్కువండీ. పదిహేను చేయండి.