ఉమ్మెత్త: పేరులోనే మతి చెదరడం ఉంది

ఉమ్మెత్త అచ్చతెలుగు మాటేనా అని అడిగారు. కాదు, దాని మూలం సంస్కృత ‘ఉన్మత్త’. మతి చెదిరినవాడని అర్థం. ప్రాకృతంలో ‘జన్మ’ జమ్మ అయినట్టే ‘ఉన్మత్త’ ఉమ్మత్త అయింది. మనకు ఉమ్మెత్తగా, తమిళులకు ఊమత్తైగా మిగిలింది.

అమరకోశంలో దీని పేర్ల వరుస చూడండి: ‘ఉన్మత్తః కితవో ధూర్తో ధత్తూరః కనకాహ్వయః’. కితవుడంటే జూదరి, ధూర్తుడంటే మోసగాడు. కనకాహ్వయమంటే బంగారం పేర్లు గలది. ఈ ధత్తూరాన్నే 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ ‘దతూరా’ అని శాస్త్రనామంలోకి తీసుకున్నాడు.

మోసగాడన్న పేరు దీనికి ఎంత తగిందో గింజ చూస్తే తెలుస్తుంది. ముళ్లకాయ పగిలితే లోపల చదునుగా, లేత గోధుమరంగులో ఉండే గింజలు అచ్చం మిరపగింజల్లా ఉంటాయి. రెండూ ఒకే కుటుంబానివి మరి. బాటసారుల తిండిలో ఈ గింజలు కలిపి, వాళ్లకు మతి తప్పాక దోచుకున్న కేసులు 19వ శతాబ్దపు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. ఇందులోని అట్రోపిన్, స్కోపొలమిన్ అనే విషాల వల్ల నోరు పిడచకట్టుకుపోతుంది, కంటిపాపలు పెద్దవై చూపు మసకబారుతుంది, ఒళ్లు కాలిపోతుంది. ఆపైన మనిషి లేనివాళ్లతో మాట్లాడతాడు, గాలిలో ఏదో పట్టుకోబోతాడు. ప్రాణమే పోవచ్చు. ‘ఉన్మత్త’ అన్నవాళ్లు దీన్ని కళ్లారా చూసే అన్నారని నా నమ్మకం.

అయితే అన్ని పేర్లూ ఇలా దారి చూపవు. నాభి సంగతే తీసుకోండి. హిమాలయాల్లో పెరిగే వత్సనాభిని నాభి అంటాం. అందులోని అకొనిటిన్ అనే విషం పెదవులు, నాలుక తిమ్మిరెక్కించి గుండె లయను దెబ్బతీస్తుంది. అడవినాభి వేరే మొక్క. ఆకు కొసనే తీగలా చుట్టి పైకి పాకుతుంది. ఎరుపు, పసుపు రేకులు మంటలా వెనక్కి ఎగసి ఉంటాయి, అందుకే సంస్కృతంలో అగ్నిశిఖ. దీని విషం కాల్చిసిన్. మొదట వాంతులు, విరేచనాలు, తర్వాత ఒక్కో అవయవం దెబ్బతినడం. పేరులో నాభి ఉందని రెండింటినీ ఒకటిగా లెక్కేస్తే ప్రమాదం.

‘మదన’తోనూ ఇదే చిక్కు. ఆ అమరకోశంలోనే ఇది ఉమ్మెత్తకూ పేరు, వాంతి చేయించే మంగ చెట్టుకూ పేరు. వైద్య గ్రంథంలో మదనఫలం అని కనిపిస్తే మంగకాయ అని చదువుకోవాలి.

ఇలాంటి చోట నిఘంటువు ‘వృక్షవిశేషము’ అని రాసి ఊరుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ప్రతి పేరు పక్కనా శాస్త్రనామం, విషమైతే విషమన్న మాట ఉండి తీరాలి. మీ వైపు అడవినాభిని ఏమంటారో, వట్టి ‘నాభి’ అంటే ఏ మొక్క అనుకుంటారో రాయండి. వీలైతే పువ్వు, ఆకు కొస కనిపించేలా ఫొటో పెట్టండి.